వెయ్యి మీటర్ల గాలి

విశాఖపట్నం,
3-8-1979.

అక్కకు సీమోను నమస్కారాలు.

బావకూ అమ్మకూ కూడా చెప్పు. క్షేమంగా ఉన్నానని రాయడానికి ఇవాళ్టిదాకా ఆగాను, ఎందుకంటే నిన్నటిదాకా క్షేమంగా లేను. మొదటి ప్రయాణం పదకొండు రోజులైతే, అందులో తొమ్మిది రోజులు బకెట్టు పక్కన పెట్టుకునే పనిచేశాను. మాది పెద్ద ఓడ కాదు. చేపల సర్వే కోసం కట్టినది, మన ఉప్పుగూడ స్టేషన్లో ఆగే బండికి రెండు పెట్టెలంత పొడవుంటుంది.

నా పనేమిటని నువ్వు ప్లాట్‌ఫారం మీద అడిగావు, అంతలో బండి కదిలింది. ఇప్పుడు చెబుతాను. జూన్‌లో మనవాళ్ళు పైకి పంపిన ఉపగ్రహం బంగాళాఖాతం మీదుగా పోతూ ఉంటుంది. గాలి గట్టిగా వీస్తే సముద్రం మీద నురగ లేస్తుంది కదా. నురగ లేచిన నీళ్ళు ఆ ఉపగ్రహానికి వెచ్చగా కనిపిస్తాయట. నిజంగా వేడెక్కవు, దాని చూపు అలాంటిది. ఎంత వెచ్చగా కనిపిస్తే కింద అంత గాలి ఉన్నట్టు. అయితే ఎంతకు ఎంత అనే సూత్రం ఇంకా కుదరలేదు. అది కుదరాలంటే, ఉపగ్రహం మీదుగా పోయే వేళకు కింద సముద్రం మీద ఎవరో ఒకరు నిలబడి గాలిని కొలిచి రాయాలి. ఆ నిలబడేవాణ్ణి నేను. రాసింది సరిచూసి లెక్క కట్టేది మా సార్ సోమశేఖర్ గారు.

అలల ఎత్తు కూడా నేనే కొలుస్తాను. ఓడ రెండు అలల మధ్య పల్లంలోకి దిగినప్పుడు, ఎదురుగా ఉన్న అల శిఖరం నా కంటికీ ఆకాశపు అంచుకూ సరిగ్గా సమానంగా కనిపించేదాకా మెట్లు ఎక్కడమో దిగడమో చేస్తాను. అప్పుడు నా కన్ను నీటికి ఎంత ఎత్తున ఉందో అల అంత ఎత్తు. నువ్వయితే దీన్ని మీ పిల్లలకు వెంటనే బోర్డు మీద వేసి చూపిస్తావు.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. ఓడ దిగే రోజున గాలి మీటరు నా చేతిలోంచి జారి ఇనుప మెట్ల మీద పడింది. నాలుగు గిన్నెలు గిరగిర తిరుగుతుంటే కింద గడియారం లాంటి ముఖం మీద ముల్లు నడుస్తుంది, ఎన్ని మీటర్ల గాలి దాటిపోయిందో చెబుతుంది. దాన్ని సెకన్లతో భాగిస్తే గాలి వేగం. ఇప్పుడు గిన్నెలు తిరుగుతున్నాయి, ముల్లు కదలడం లేదు. ఓడలో ఉన్నది ఇదొక్కటే. చేరి మూడు నెలలైనా కాలేదు, ఈ సంగతి సార్‌కు తెలిస్తే నన్ను ఇంటికి పంపేస్తారు. రిజిస్టర్డు పార్సెల్లో పంపుతున్నాను. లాల్‌దర్వాజా మూల మీద రజాక్ భాయ్‌కి చూపించు. ఆయన బాగుచేయలేని గడియారం లేదు. మళ్ళీ ఓడ ఎక్కేది సెప్టెంబరు మొదట్లో. ఎవరికీ చెప్పొద్దు.

నీ తమ్ముడు,
సీమోను.


ఉప్పుగూడ,
18-8-1979.

తమ్ముడు సీమోనుకు అక్క రాజమణి దీవెనలు.

పార్సెల్ అందింది. లోపల నీ బనీను చుట్టి పంపావు. అమ్మ దాన్ని ఉతికి ఆరేసింది, మీటరును మాత్రం పీరుకు మొక్కినట్టు దూరం నుంచి చూసింది.

ముందు నాలుగు చీవాట్లు. వస్తువు పడిపోవడం తప్పు కాదు, దాచిపెట్టడం తప్పు. మా బడిలో ఏడో తరగతి పిల్ల ఇంకు బుడ్డి పగలగొడితే కూడా ఇదే చెబుతాను. కానీ నువ్వు బతిమాలి రాశావు, నేను ఒప్పుకున్నాను. కాబట్టి ఈ తప్పులో నాకూ వాటా ఉంది.

రజాక్ భాయ్ దాన్ని మూడు రోజులు ఉంచుకున్నాడు. నిన్న బడి వదిలాక వెళితే కంటికి అద్దం పెట్టుకునే ఉన్నాడు. ఆయన చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు:

“టీచరమ్మా, లోపల ఒక చిన్న చక్రం చూర చూర అయింది. దానికి పండ్లు ఎన్నుండెనో లెక్కపెడ్దామంటే ఒక్క పన్ను సక్కగ లేదు. నా డబ్బల ఉన్నవాట్లకెల్లి సరిగ్గ కూసునేది ఏసిన. ముల్లు మంచిగ నడుస్తున్నది. గని అది సచ్ చెప్తదో ఝూట్ చెప్తదో నాకెర్క లేదు. ఇంకో మీటర్ పక్కన పెట్టి మిలాయించుకొమ్మను. జరూర్ మిలాయించుకొమ్మను.”

జరూర్ అని రెండుసార్లు అన్నాడు. కాబట్టి మీ ఊరి కాలేజీలోనో ఎక్కడో ఇలాంటిది ఉంటే దాని పక్కన పెట్టి చూసుకున్నాకే ఓడ ఎక్కు. చూసుకున్నట్టు నాకు రాయి. కూలి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. “సీమోను సముందర్ నుంచి వచ్చినంక కథలు చెప్తడు, గదే చాలు” అన్నాడు.

మీ బావ స్కూటరు మళ్ళీ మొరాయిస్తోంది. పది తన్నులు తింటేగాని లేవదు.

నీ అక్క,
రాజమణి.


విశాఖపట్నం,
2-9-1979.

అక్కా,

మీటరు అందింది. రజాక్ భాయ్ చేతులకు దండం పెట్టాలి. కాలేజీ మీటరు పక్కన పెట్టి చూశాను, సరిపోయింది. రేపు తెల్లారి బయల్దేరుతున్నాం. అల్లం మురబ్బా పంపినందుకు అమ్మకు ప్రత్యేకంగా చెప్పు.

సీమోను.


విశాఖపట్నం,
21-10-1979.

అక్కకు,

రెండు ప్రయాణాలు పూర్తయ్యాయి. ఇప్పుడు బకెట్టు అవసరం లేదు. సముద్రం మీద అన్నం తినడం, నిద్రపోవడం వచ్చేశాయి. ఒక్క గడ్డం గీసుకోవడమే ఇంకా రాలేదు.

నీకు నవ్వొచ్చే సంగతి రాస్తాను. మా ఓడలో కళాసీలకు పెద్ద అయిన సరంగు అరవై ఏళ్ళ మనిషి, చదువు లేదు. సెప్టెంబరు 26న మధ్యాహ్నం ఉపగ్రహం మీదుగా పోయే వేళకు నేను మీటరు పట్టుకుని, “సెకనుకు ఎనిమిది మీటర్లు” అని అరిచి రాసుకుంటుంటే ఆయన పక్కనే ఉన్నాడు. పెద్ద అలలు, ఎక్కడ చూసినా తెల్లటి నురగ, తుంపర నా చొక్కా తడిపేస్తోంది. ఆయన నవ్వి, “ఏటి బావూ, ఇది ఎనిమిదేటి? మీటరు సూడకు, నీల్లు సూడు. పదకొండుకి తగ్గదు” అన్నాడు. నీళ్ళను చూసి గాలిని చెప్పే పాత పట్టిక ఒకటి ఓడవాళ్ళకు ఉంటుందిలే. యంత్రం చేతిలో పెట్టుకుని నీళ్ళను చూడడమేమిటని నేనూ నవ్వాను.

ఇక అసలు విశేషం. ఉపగ్రహం లెక్కలు వచ్చాయి, నా లెక్కలతో కలవడం లేదు. నేను 8 అంటే అది 11 అంటోంది. నేను 6 అంటే 8. నేను పదిన్నర అన్న రోజు అది 14 అంది. అందరూ ఉన్న సమావేశంలో సోమశేఖర్ గారు, “పైనుంచి చూసినదానికంటే కింద నిలబడి కొలిచిందే ప్రమాణం. సూత్రాన్నే కిందికి దించాలి” అన్నారు. అంటే అక్కా, ఉపగ్రహం సూత్రాన్ని నా కొలతలకు తగ్గట్టు మార్చబోతున్నారు! ఉప్పుగూడ గేటు దగ్గర గోలీలాడిన సీమోను కొలతలకు!

సీమోను.


ఉప్పుగూడ,
30-10-1979.

తమ్ముడు సీమోనుకు,

నీ ఉత్తరం చదివి అమ్మ సంతోషపడింది, బావ వీధిలో నలుగురికి చెప్పుకొచ్చాడు. నేను మాత్రం పెన్సిల్ తీసుకుని కూర్చున్నాను.

ఎనిమిదికి పదకొండు. ఆరుకు ఎనిమిది. పదిన్నరకు పద్నాలుగు. నిష్పత్తుల పాఠం అయిపోయిన ఏ పిల్లకిచ్చినా చెబుతుంది: ప్రతిసారీ నీది దాని లెక్కలో ఇంచుమించు ముప్పాతిక. మనిషి పొరపాటు చేస్తే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తుంది. ప్రతిసారీ ఒకే వంతున తప్పేది యంత్రమే. ఏ యంత్రం? పైనున్నదా, నీ చేతిలోదా? నీళ్ళను చూసి చెప్పిన ముసలాయన కూడా పదకొండే అన్నాడు. ముగ్గురు సాక్షుల్లో ఇద్దరు ఒకవైపున్నారు.

కాలేజీలో ఏ మీటరుతో చూశావు? ఎంత గాలిలో చూశావు? ఎన్నిసార్లు చూశావు? విడిగా రాయి.

ఊరికే అడగడం లేదు. రెండేళ్ళ కిందట ఉప్పెన వచ్చినప్పుడు మా బడిలో దివిసీమకు బట్టలు పోగేశాం. పిల్లలు తమ ఒంటి మీదివి తప్ప అన్నీ తెచ్చారు. ఆ ఉపగ్రహం చూపు రేపెప్పుడో అలాంటి ఊళ్ళకు పనికొస్తుందని నువ్వే కదా, ఈ ఉద్యోగంలో చేరేముందు వంటింట్లో కూర్చుని నాకు చెప్పావు. పద్నాలుగు వీచేచోట పదిన్నరే అని చెప్పే సూత్రం నీ చేతి మీదుగా తయారైతే ఎలా?

రాజమణి.


విశాఖపట్నం,
12-11-1979.

అక్కకు,

సరిపోయిందని రాశాను కదా. ఎన్నిసార్లు, ఎంత గాలిలో అని అడగడానికి నేను నీ క్లాసులో లేను. డిప్లొమా చదివింది నేను, సముద్రం మీద నిలబడేది నేను. సముద్రాన్ని నువ్వింతవరకూ చూడనైనా లేదు.

రజాక్ భాయ్ చేతిపని మీద కూడా నీకు అనుమానమేనా? చదువులేని మనిషి చేసిందని చిన్నచూపు చూస్తున్నావా? నాకు ఏప్రిల్లో పర్మనెంటు చేస్తారో లేదో తేలుతుంది. అప్పటిదాకా ఈ ప్రశ్నలు ఆపు.

సీమోను.


ఉప్పుగూడ,
26-11-1979.

సీమోనుకు,

చిన్నచూపు అన్నావు. కాబట్టి నీ ఉత్తరం అందిన సాయంత్రమే రజాక్ భాయ్ దుకాణానికి వెళ్ళి, సంగతంతా ఆయన ముందే పెట్టాను. ఆయన చేస్తున్న పని ఆపాడు.

“కాలేజీ మీటర్‌తోని మిలాయించిండా?”

“అట్లనే రాసిండు భాయ్.”

“మిలాయించినప్పుడు మంచిగుంటే, తర్వాత ఖరాబైందన్నట్టు. నేను ఏసిన చక్రమే జారుంటది. గలతీ నాదే టీచరమ్మా.”

అది కాదని ఎంత చెప్పినా వినలేదు. ఆ తర్వాత మొన్న వెళితే, ఎవరో పెద్దాయన తెచ్చిన జేబు గడియారం ముట్టుకోకుండానే తిరిగిచ్చేశాడు. ఎందుకని అడిగితే, “నజర్ తగ్గిందేమో, బారీక్ పని ఇంక వద్దు” అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ సన్నటి పనే చేసిన మనిషి ఆ మాట అంటుంటే నాకు నిలబడబుద్ధి కాలేదు.

మీటరు ఇక్కడికి పంపు. మేమే పరీక్షిస్తాం. పరీక్షలో నెగ్గితే నీకు క్షమాపణ చెబుతాను, ఇంకెప్పుడూ అడగను. నెగ్గకపోతే సూత్రం దించకముందే మీ సార్‌కు తెలియాలి. నువ్వు చెప్పకపోతే సోమశేఖర్ గారికి ఇంకెవరు చెబుతారు?

రాజమణి.


విశాఖపట్నం,
19-12-1979.

అక్కకు,

అన్నంత పనీ చేశావు. సోమవారం అందరి ముందూ సార్ మీటరు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, “దీన్ని ఎవరు విప్పారు?” అని అడిగారు. శుభ్రం చేయడానికి నేనే విప్పానన్నాను. ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం లేదు. నాకు చెప్పకుండా ఆయనకు ఉత్తరం రాయడానికి నీకు మనసెలా ఒప్పింది?

ఓడ మరమ్మతుకు వెళ్ళింది, ఫిబ్రవరిదాకా ప్రయాణాలు లేవు. మీటరు పంపుతున్నాను. కడుపునిండా పరీక్షించుకో. క్రిస్మస్‌కు రావడం లేదు.

సీమోను.


ఉప్పుగూడ,
21-1-1980.

తమ్ముడు సీమోనుకు,

మొదట ఒక మాట. నేను సోమశేఖర్ గారికి ఒక్క అక్షరం రాయలేదు. ఆయన అడ్రసు కూడా నాకు తెలియదు. మీటరు మరల మీద కొత్త గీతలున్నాయి, కళ్ళున్న ఎవరికైనా కనిపిస్తాయి. ‘ఇంకెవరు చెబుతారు’ అన్నది బెదిరింపు కాదు. నువ్వే చెప్పాలని అలా రాశాను.

ఇక పరీక్ష ఎలా చేశామో వివరంగా రాస్తాను. ఎక్కడైనా తప్పుంటే చూపించు.

గాలి లేని చోట ఈ మీటరును పట్టుకుని ఒక కిలోమీటరు దూరం పోతే, దాని గిన్నెల గుండా వెయ్యి మీటర్ల గాలి దాటినట్టే కదా. గాలి మన మీదికి వచ్చినా, మనం గాలిలోకి పోయినా దానికి ఒకటే. మెల్లగా పోయినా జోరుగా పోయినా ముల్లు వెయ్యి చూపించాలి. ఇది తట్టడానికి నాకు పది రోజులు పట్టింది. తట్టిన రోజు పిల్లలకు లెక్క ఇచ్చి, బోర్డు మీద తప్పు జవాబు రాశాను.

నిన్న ఆదివారం ఉదయం ఆరింటికే బార్కస్ దాటాక పహాడీ షరీఫ్ పోయే రోడ్డుకు వెళ్ళాం. అక్కడ రోడ్డు తిన్నగా ఉంటుంది, ఆ వేళకు గాలి ఉండదు. మీ బావ బుచ్చయ్య స్కూటరు నడిపాడు. వెనక నేను కూర్చుని మీటరును వెదురు కర్రకు కట్టి తలకంటే ఎత్తున పట్టుకున్నాను. ముల్లును నడిపే మీటకు దారం కట్టాను. మొదటి కిలోమీటరు రాయి దాటగానే దారం లాగితే ముల్లు నడుస్తుంది, రెండో రాయి దగ్గర వదిలితే ఆగిపోతుంది. రెండో రాయి దగ్గర రజాక్ భాయ్ నిలబడ్డాడు. ముల్లును నేను చదవలేదు. చదివితే నాకు కావలసిన అంకె కనిపిస్తుందేమోనని భయం. తిరుగు దారిలో మొదటి రాయి దగ్గర ఆపిన ముల్లును కూడా ఆయన దగ్గరికే తెచ్చాం. ప్రతిసారీ ఆయనే కంటి అద్దం పెట్టుకుని చదివాడు, నేను రాశాను.

మొదటిసారి ఏడువందల పదిహేను.

రజాక్ భాయ్ అద్దం తుడిచి మళ్ళీ చదివాడు. “ఆగు భాయ్, కొంచెం గాలి ఉంటే ఉండొచ్చు. తిరిగొచ్చేటప్పుడు చూద్దాం” అన్నాను. తిరిగొచ్చేటప్పుడు ఏడువందల ఎనభై. రెంటికీ నడుమ చూస్తే ఏడువందల యాభైకి దగ్గర. అలా పదిసార్లు పోయాం, పదిసార్లు వచ్చాం. మెల్లగా కొన్ని, నడిమి వేగంతో కొన్ని, బండి ఊగిపోయేటంత జోరుగా కొన్ని. జోరుగా పోయినప్పుడు మీ బావ, “నువ్వు పడితె చెప్పు, ఆపుత” అన్నాడు. పడ్డాక చెప్పేదేముంది?

జామపళ్ళ గంపలతో ఊళ్ళోకి పోయే ఆడవాళ్ళు దారిలో ఆగిపోయారు. ఒకామె రజాక్ భాయ్‌ని పట్టుకుని, “ఏంది సాబ్ గది? ఆ టీచరమ్మ కర్ర వట్కొని గట్ల తిరుగుతున్నదేంది?” అంది. ఆయన, “సముందర్ మీద హవా కొలిచే మిషన్ అమ్మా, ఇమ్తిహాన్ పెడ్తున్నం” అన్నాడు. “మరి సముందర్ ఏది?” అంది ఆమె. నాలుగు జామపళ్ళు చేతిలో పెట్టి పోయింది.

ఇరవై అంకెలూ కూడి ఇరవైతో భాగిస్తే ఏడువందల యాభై రెండు. వెయ్యికి ఏడువందల యాభై రెండు. ముప్పాతిక.

రజాక్ భాయ్ రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని చాలాసేపు లెక్క వేసుకున్నాడు. “నేను ఏసింది నలబై పండ్ల చక్రం. ముప్పావు చూపిస్తున్నదంటె అసలుది ముప్పై పండ్లది. జారలేదు టీచరమ్మా. జారితె ఒకసారి ఒక తీరు, ఇంకోసారి ఇంకో తీరు చూపిస్తుండె. మొదటి రోజు కెల్లి గిట్లనే ఉన్నది.” తర్వాత నా ముఖంలోకి చూశాడు. “మరి కాలేజీ మీటర్‌తోని ఎట్ల మిలాయించిండు?”

దీనికి జవాబు నీ దగ్గర ఉంది.

ఆయన అక్కడికక్కడే చక్రం మారుస్తానన్నాడు. వద్దన్నాను. మీ ఆఫీసువాళ్ళు మళ్ళీ పరీక్షించుకోవాలంటే అది ఎలా తప్పు చెప్పిందో అలాగే ఉండాలి. అంకెల కాగితం మీద ముగ్గురం సంతకాలు పెట్టాం. అదీ మీటరూ కలిపి పంపుతున్నాను.

నీ అక్క,
రాజమణి.


విశాఖపట్నం,
31-1-1980.

అక్కా,

కాలేజీకి వెళ్ళలేదు.

పార్సెల్ వచ్చిన రోజు వెళ్ళాలనే అనుకున్నాను. వెళితే ఎందుకని అడుగుతారు, విరిగిందని చెప్పాలి, అది సార్ చెవిన పడుతుంది. ముల్లు చక్కగా నడుస్తోంది కదా, చాలనుకున్నాను. ‘సరిపోయింది’ అని ఒక్క మాట రాశాను. ఆ తర్వాత ఆ ఒక్క మాటను కాపాడుకోవడానికి నీ మీద ఎన్ని మాటలు విసిరానో. ఉత్తరం రాశావని నీ మీదే నింద వేశాను. సరంగు చెప్పిన రోజే నాకు లోపల ఎక్కడో తెలుసు.

రజాక్ భాయ్ గడియారాలు తిరిగిచ్చేస్తున్నాడని నవంబరులోనే రాశావు. అది చదివి కూడా ఊరుకున్నాను. అన్నిటికంటే అదే నన్ను తినేస్తోంది. ఇప్పుడేం చేయాలో నువ్వే చెప్పు.

సీమోను.


ఉప్పుగూడ,
8-2-1980.

తమ్ముడు సీమోనుకు,

ఏం చేయాలో నీకు తెలుసు. కాబట్టి ఆ సంగతి రాయను.

నీ ఉత్తరాన్ని రజాక్ భాయ్‌కి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. పదహారో తేదీన సూర్యగ్రహణం కదా, నల్ల అద్దాల కోసం జనం ఆయన దుకాణం ముందు మూగి ఉన్నారు. అందరినీ తర్వాత రమ్మని, తలుపు సగం మూసి విన్నాడు.

“అయితే నా కండ్లు మంచిగనే ఉన్నయి” అన్నాడు మొదట. ఆ తర్వాత కోపం వచ్చింది. ఆయనకు అంత కోపం రావడం నేను ఎప్పుడూ చూడలేదు. “రెండు నెలలు టీచరమ్మా! రెండు నెలలు నా చేతుల మీద నాకే షక్ వచ్చేటట్టు చేసిండు. మిలాయించలేదని ఒక్క కార్డు రాస్తె అయిపోతుండె.”

“మాఫ్ చెయ్యమని అడుగుతున్నడు భాయ్” అన్నాను, నువ్వు అడగకపోయినా.

“మాఫీ సంగతి తర్వాత. ముందుగాల పోయి ఆ సార్‌కు చెప్పమను. నాకు చెప్పుడు అల్కగనే ఉంటది, ఆయనకు చెప్పుడే ముష్కిల్. ముష్కిల్ పని చేసినంక అల్కటి పనికి నా దగ్గరికి రమ్మను.”

నేనూ అదే అంటున్నాను. ఉద్యోగం పోతే పోనీ. మన ఇంట్లో అన్నం ఉంది, నీ మంచం ఎక్కడిదక్కడే ఉంది. నీ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను, ఉద్యోగం నిలవాలని మాత్రం కాదు.

నీ అక్క,
రాజమణి.


విశాఖపట్నం,
6-3-1980.

అక్కకు,

చెప్పాను.

నీ ఉత్తరం అందిన మర్నాడే వెళ్ళాను. గదిలో ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళు పోయేదాకా ఆగుదామనిపించింది, ఆగితే మళ్ళీ చెప్పలేనని వాళ్ళ ముందే మొదలుపెట్టాను. పడిపోవడం, దాచడం, బాగుచేయించడం, పరీక్షించకుండానే వాడడం అన్నీ వరసగా చెప్పి, మీటరూ మీ కాగితమూ బల్ల మీద పెట్టాను.

సోమశేఖర్ గారు అరవలేదు. అరిచినా బాగుండేది. “నాలుగు నెలలుగా ఒక సూత్రాన్ని నీ చేతికి తగ్గట్టు వంచుతూ కూర్చున్నాను. వచ్చే వారం అది బెంగళూరులో ఉపగ్రహం నడిపేవాళ్ళకు పోతోంది. తెలుసా?” అన్నారు. తెలుసన్నాను. “తెలిసీ!” అని కుర్చీ వెనక్కి నెట్టి బయటికి వెళ్ళిపోయారు.

తిరిగి వచ్చాక ఆ కాగితం తీసి చదివారు. “ఎవరు చేశారిది?” అన్నారు. మా అక్క, బడిలో లెక్కల టీచరు అన్నాను. “ముల్లును ఆమె ఎందుకు చదవలేదు?” తనకు కావలసిన అంకె కనిపిస్తుందేమోనని భయపడిందన్నాను. ఆయన ఆ కాగితం తిరిగి ఇవ్వలేదు.

గాలిని కావలసిన వేగంతో ఊదే యంత్రం ముందు మీటరును పెట్టించారు. వాళ్ళకు వంద మీటర్ల గాలికి డెబ్బై ఐదున్నర వచ్చింది. నా కొలతలన్నీ దాని ప్రకారం పెంచి మళ్ళీ లెక్క కట్టారు. సూత్రం కిందికి దించాల్సిన పని లేకపోయింది. అన్నీ కలిశాయని రాయాలని ఉంది గానీ రెండు రోజులవి కలవలేదు. ఆ రెండు రోజులూ వాన. వాన కూడా ఉపగ్రహానికి వెచ్చగానే కనిపిస్తుందట, దాని సంగతి ఇంకా తేలాలి.

నన్ను కొలతల పని నుంచి తీసేశారు. ఏప్రిల్లో పర్మనెంటు లేదని చెప్పేశారు. జీతానికి ఇంకో ఏడాది ఉండొచ్చు, ఓడలో సామాన్లు మోయాలి, మీటర్లు తుడవాలి. ఉంటానన్నాను. రజాక్ భాయ్‌కి విడిగా ఉత్తరం రాశాను, ఇందులోనే ఉంది. అది మాత్రం నువ్వు చదవొద్దు. ఇంకెవరితోనైనా చదివించి వినిపించు.

సీమోను.


విశాఖపట్నం,
19-7-1980.

అక్కకు,

రజాక్ భాయ్ తన కూతురు వహీదా చేత రాయించిన కార్డు ఓడ ఎక్కే రోజు అందింది. అందులో మాఫీ అనే మాట లేదు. ఆ పాత మీటరుకు ముప్పై పళ్ళ చక్రం దొరికిందని, వచ్చేటప్పుడు తీసుకుపొమ్మని ఉంది. మూడుసార్లు చదివి, సామాన్ల పెట్టెలో అన్నిటికంటే అడుగున దాచుకున్నాను.

ఈసారి సోమశేఖర్ గారు కూడా మాతో వచ్చారు, కొత్త మీటర్లు రెండు తెచ్చారు. నాలుగో రోజుకే గాలి పెరిగింది. మీటరు పట్టుకునే మనిషి జ్వరంతో పడిపోయాడు. పదకొండున్నరకు ఉపగ్రహం మీదుగా పోవాలి. సార్ తలుపు దగ్గర నిలబడి ఎవరెవరున్నారని చూశారు. సామాన్లు కడుతున్న నన్ను చూసి, “రెండు మీటర్లు తీసుకో. పక్కపక్కన పెట్టి, రెంటినీ రాయి” అన్నారు. అంతే అన్నారు.

పది నిమిషాలకు పది కొలతలు. నడుముకు తాడు కట్టుకుని నిలబడ్డాను. నీళ్ళ మీద నురగ చారలు చారలుగా సాగిపోతోంది. పదమూడు. పదమూడున్నర. పదమూడు. ఏడో నిమిషంలో ఒక అల మా ఓడ ముక్కు మీదుగా వచ్చి నన్ను కమ్మీకేసి కొట్టింది. మీటర్లను గుండెకు హత్తుకుని పట్టుకున్నాను, పడిపోలేదు. అయితే ముళ్ళను చూడలేకపోయాను. కళ్ళ నిండా ఉప్పునీళ్ళు. తుడుచుకునేసరికి ఎనిమిదో నిమిషం నడుస్తోంది. పద్నాలుగు.

అంతా అయ్యాక లోపలికి వచ్చి కాగితం పూర్తి చేస్తుంటే సరంగు భుజం మీదుగా చూశాడు. “ఏడోది ఏదీ?” అన్నాడు.

“చూడలేదు.”

“అటు పదమూడు, ఇటు పద్నాలుగు. నడుమ పదమూడున్నర ఏసెయ్ బావూ. ఎవులు సూసొచ్చారు?”

ఆయన చెప్పింది నిజానికి దగ్గరగానే ఉండి ఉంటుంది, నీళ్ళను ఆయనకంటే బాగా చదివేవాళ్ళు లేరు. కానీ నేను ఆ గడిని ఖాళీగా వదిలేశాను. పక్కన ‘అల కొట్టింది, చూడలేకపోయాను’ అని రాశాను.

సోమశేఖర్ గారు కాగితం తీసుకుని పైనుంచి కిందిదాకా చదివారు. ఆ ఖాళీ గడి దగ్గర వేలు పెట్టి, పక్కన రాసింది మళ్ళీ చదివారు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, కింద సంతకం పెట్టి, కాగితం నా చేతికే ఇచ్చారు.

నీ తమ్ముడు,
సీమోను.